సేజోన్ బీరు తేడాగా ఉందా? పారబోసే ముందు ఇది చూడండి

పోయిన వేసవిలో మా బావ డాలస్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఎంతో ఇష్టంగా దాచుకున్న సేజోన్ సీసా ఒకటి తెరిచాను. ఒక్క గుక్క తాగి "బావా, ఇది పాడైపోయినట్టుంది, లవంగాల వాసన వస్తోంది" అని గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ సీసాలో ఏ లోపమూ లేదు, ఆ బీరు అలాగే ఉండాలి. అలాగని సేజోన్‌కు లోపాలే ఉండవని కాదు, నిజంగా పాడైన సీసాలూ నాకు దొరికాయి. ఏది దాని స్వభావమో, ఏది లోపమో తెలియకపోతే మంచిదాన్ని సింకులో పోస్తాం, చెడ్డదాన్ని "ఈ రకం ఇంతేనేమో" అని తాగేస్తాం. అందుకే నాకు ఎదురైనవీ, స్నేహితులు అడిగినవీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు రెండు మాటల్లో నేపథ్యం. సేజోన్ అంటే ఫ్రెంచిలో ఋతువు. బెల్జియం దక్షిణాన ఫ్రెంచి మాట్లాడే వాలోనియా ప్రాంతం ఉంది, అందులో ఎనో ప్రావిన్సు ఈ బీరుకు పుట్టిల్లు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఎండాకాలం బీరు కాస్తే గాలిలోని సూక్ష్మజీవులు పడి చెడిపోయేది కాబట్టి, రైతులు చలికాలంలో పొలం పనులు తగ్గినప్పుడు కాచి, వేసవి పనుల నాటికి నిల్వ ఉంచేవాళ్లు. దాహం తీరాలి, తాగాక పని చేయగలగాలి, నెలల తరబడి ఆగాలి, ఇవీ దాని మీద ఉన్న షరతులు. ఇప్పుడు దొరికే సేజోన్‌లు అప్పటివాటి కంటే ఘాటే, మామూలుగా 5 నుంచి 7 శాతం ఆల్కహాల్ ఉంటుంది.

"లవంగం, మిరియాల వాసన వస్తోంది, పాడైందా?"

లేదు. అది ఈస్ట్ పని. మసాలా ఏమీ వేయకపోయినా సేజోన్ ఈస్ట్ పులిసేటప్పుడు ఫినాల్స్ అనే పదార్థాలను తయారు చేస్తుంది, లవంగం, మిరియాల ఘాటు వాటిదే. దాంతోపాటు నారింజ, పియర్ పండు లాంటి సువాసనలూ వస్తాయి. మా బావ వద్దన్నది దీన్నే.

కానీ బ్యాండ్‌ఎయిడ్ వాసన, ఆస్పత్రి వాసన వస్తే మాత్రం అది లోపమే. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఇది తరచుగా నీళ్లతో వస్తుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్, క్లోరమీన్ ఆ ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్ అవుతాయి, అది ఎంత కొంచెం ఉన్నా ముక్కుకు తెలిసిపోతుంది. మరిగిస్తే క్లోరిన్ పోతుంది గానీ క్లోరమీన్ అంత తేలిగ్గా పోదు. క్యాంప్‌డెన్ మాత్ర (బీరు, వైన్ చేసుకునేవాళ్లు వాడే సల్ఫైట్ మాత్ర) ఒకటి పొడి చేసి కలిపితే 20 గ్యాలన్ల నీళ్లకు సరిపోతుంది, నిమిషాల్లో పని అయిపోతుంది. ఇప్పటికే ఆ వాసన వచ్చేసిన బీరును మాత్రం ఏమీ చేయలేం.

"మూత తీయగానే నురగ పొంగి సగం నేలపాలైంది"

సేజోన్‌లో గ్యాస్ ఎక్కువే ఉండాలి, మామూలు లాగర్ (చల్లగా పులియబెట్టే రకం బీరు) కంటే బాగా ఎక్కువ. ఎనోలోని తూర్ప్ ఊళ్లో ఉన్న డుపాంట్ బ్రూవరీ వాళ్ల సేజోన్ (6.5 శాతం) సీసాలోనే రెండోసారి పులుస్తుంది, వాళ్లు సీసాలను అడ్డంగా పడుకోబెట్టి వెచ్చని గదిలో వారాల తరబడి ఉంచుతారు. కార్కు, దాని మీద తీగ, మందపాటి సీసా, ఇవన్నీ అందుకే. కాబట్టి కొద్దిగా పొంగడం సహజం, సగం పోవడం సహజం కాదు.

ఎక్కువసార్లు కారణం చిన్నదే. సీసా వెచ్చగా ఉంది, లేదా కారులో కుదుపులు తిని ఇంటికి రాగానే తెరిచారు. ఒక రోజంతా ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచండి, గ్యాస్ బీరులో కరుగుతుంది, మడ్డి అడుగుకు చేరుతుంది. కార్కును ఒక్కసారిగా లాగకుండా, గుడ్డ వేసి పట్టుకుని మెల్లగా తిప్పుతూ తీయండి. పక్కన పెద్ద గ్లాసు సిద్ధంగా ఉంచుకోండి. ఇంత చేసినా ఫౌంటెన్‌లా ఎగజిమ్మితే, పైగా పుల్లటి వాసనో కుళ్లు వాసనో వస్తే, సీసాలో వేరే సూక్ష్మజీవి చేరినట్టు. అది తాగకండి.

"హైవే మీద స్కంక్ వాసన లాంటిది కొడుతోంది"

అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ వాసన రాత్రిపూట డ్రైవింగ్‌లో పరిచయమే. మన ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పాలంటే కాలిన రబ్బరు, కుళ్లిన వెల్లుల్లి కలిస్తే ఎలా ఉంటుందో అలా. ఇది అచ్చంగా లోపం, కారణం ఒక్కటే: వెలుతురు. హాప్స్ అనే, బీరులో చేదు కోసం వేసే పూలలోంచి వచ్చే పదార్థాలు వెలుతురు తగిలి విరిగి, గంధకం ఉన్న ఒక పదార్థంగా మారతాయి. స్కంక్ చిమ్మే ద్రవం కూడా అదే కుటుంబానికి చెందింది. గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ సీసా అంతగా ఆపలేదు. ఆకుపచ్చ సీసాలో వచ్చిన సేజోన్‌కు ఈ బెడద ఎక్కువ. నేరుగా ఎండ తగిలితే నిమిషాలు చాలు, షాపులో ట్యూబ్‌లైటు కింద రోజుల తరబడి ఉన్నా అంతే.

వాసన ఒకసారి వచ్చాక పోగొట్టే దారి లేదు. కొనేటప్పుడే జాగ్రత్త పడాలి. షెల్ఫ్ ముందు వరసలోది తీసుకోకండి, వెనకనుంచో, వీలైతే మూసి ఉన్న అట్టపెట్టెలోంచో ఇవ్వమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు, మా ఊళ్లో ఒక షాపతను నేను రెండోసారి అడిగేసరికి తనే లోపలినుంచి తెచ్చి ఇచ్చాడు. ఇంటికి తెచ్చాక బీరువాలోనో, న్యూస్‌పేపరు చుట్టి చల్లని చీకటి మూలనో పెట్టండి. బయట ఎండలో కూర్చుని తాగుతుంటే గ్లాసులోనే ఈ వాసన మొదలవ్వగలదు, నీడలో కూర్చోండి.

"నీళ్లలా ఉంది, తీపే లేదు, నోరు ఆరిపోతోంది"

నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. నాకు ఈ బీరంటే ఇష్టం పుట్టిందీ ఈ గుణం వల్లే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మామూలు బీరు ఈస్ట్ మాల్ట్‌లోని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోని) చిన్న చక్కెరలు తినేసి, పెద్ద చక్కెరలను వదిలేస్తుంది. బీరులో మనకు తగిలే చిక్కదనం, కొంచెం తీపి వాటివల్లే. సేజోన్ ఈస్ట్‌లలో చాలావాటికి డయాస్టాటికస్ అనే రకపు గుణం ఉంటుంది, అంటే పెద్ద చక్కెరలను కోసి చిన్నవిగా మార్చే ఎంజైమును అవే విడుదల చేసి, వాటినీ తినేస్తాయి. బీరులో ఎంత చక్కెర ఉందో చెప్పే అంకెను గ్రావిటీ అంటారు, ఒట్టి నీళ్లకు అది 1.000. మొదట 1.055 దగ్గర ఉన్న గ్రావిటీ 1.004 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. దాదాపు చక్కెరే మిగలదు. ఎండలో పనిచేసి వచ్చినవాడికి తియ్యటి బీరు ఒక గ్లాసుకే మొహం మొత్తుతుంది, ఇది మొత్తదు. పొడిగా, అంటే తీపి మిగలకుండా ఉండడమే దీని గొప్ప.

అలాగని మీకు నీళ్లలా తగిలితే మీ నాలుకది తప్పు కాదు, సాధారణంగా చల్లదనానిది. మనకు బీరంటే చేతులు కొరికేంత చల్లగా ఉండాలని అలవాటు. అంత చలిలో ఈస్ట్ సువాసనలు బయటికే రావు, మిగిలేది గ్యాసు, చేదు మాత్రమే. 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర తాగి చూడండి, అంటే ఫ్రిజ్‌లోంచి తీసి ఓ పావుగంట ఆగి. సన్నటి పొడుగు గ్లాసు బదులు తులిప్ ఆకారపు గ్లాసో వైన్ గ్లాసో తీసుకుని సగమే నింపండి.

దీన్ని ఒట్టిగా కాక తిండితో తాగండి. కొవ్వు, వేపుడు ఉన్నచోట ఈ పొడిదనం, గ్యాసు కలిసి నోటిని కడిగేస్తాయి. రొయ్యల వేపుడు, అల్లం దిట్టంగా పడిన పెసరట్టు, మిరియాలు వేసిన కోడి వేపుడు నాకు బాగా కుదిరాయి, మిరియాలకు మిరియాలు తోడవుతాయి. గుంటూరు కారం దట్టించిన కూరతో మాత్రం వద్దంటాను, గ్యాసు ఆ మంటను చల్లార్చదు, పెంచుతుంది.

"పుల్లగా ఉంది"

లేబుల్ చదవండి. బ్రెటనోమైసిస్ (ఒక అడవి ఈస్ట్) అనో, మిక్స్‌డ్ కల్చర్ (ఈస్ట్‌తో పాటు బ్యాక్టీరియా కలిపినది) అనో ఉంటే పులుపు, పాతగడ్డి లాంటి వాసన కావాలని తెచ్చినవే. పాతకాలపు పొలం బీర్లలో అడవి ఈస్ట్‌లూ, బ్యాక్టీరియా కూడా ఉండేవి కాబట్టి నెలలు గడిచేకొద్దీ కొంత పులుపు ఎక్కేది. మనవాళ్లకు దీన్ని అర్థం చేయించడానికి నేను కల్లు ఉదాహరణే చెబుతాను. పొద్దున దించిన తాటికల్లు తియ్యగా, మధ్యాహ్నానికి పుల్లగా ఘాటెక్కి ఉంటుంది, ఎవరూ ఈస్ట్ కలపరు, గాలిలోంచీ, ముందురోజు లొట్టికి అంటుకుని ఉన్నదాంట్లోంచీ అదే వస్తుంది. కల్లులో గంటల్లో జరిగేది ఆ బీర్లలో నెలల్లో జరిగేది.

డుపాంట్ లాంటి ఇప్పటి మామూలు సేజోన్ మాత్రం పుల్లగా ఉండకూడదు. వెనిగర్‌లా గొంతులో గుచ్చితే గాలి చొరబడి చెడినట్టే.

"పేరు సేజోన్, ఒక్కోటి ఒక్కోలా ఉంది, ఏది అసలుది?"

అన్నీ అసలువే. ఒకే వంటకం కాదిది, పులిహోర ఇంటింటికీ మారినట్టు పొలం పొలానికీ మారిన బీరు. డుపాంట్‌ది లేత బంగారు రంగులో పొడిగా, చేదు తెలిసేలా ఉంటుంది. సిల్లీ అనే ఊరివాళ్లది ముదురు రంగు, మాల్ట్ తీపి ఎక్కువ. బ్లోజీ వాళ్లది స్పెల్ట్ అనే పాతరకం గోధుమతో చేస్తారు. పిపే ఊళ్లోని ఆ వాపర్ బ్రూవరీలో ఇప్పటికీ ఆవిరి యంత్రంతోనే పని నడుస్తుంది, వాళ్ల సేజోన్‌లో మిరియాలు, అల్లం, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. సరిహద్దు దాటితే ఉత్తర ఫ్రాన్స్‌లో దీని చుట్టం బియేర్ ద గార్ద్ ఉంది, అది మెత్తగా, మాల్ట్ రుచితో ఉంటుంది, సేజోన్ అనుకుని తాగితే నిరాశ పడతారు. నా సలహా, డుపాంట్‌తో మొదలుపెట్టి దాన్ని కొలతగా పెట్టుకోండి, తర్వాత స్పెల్ట్‌ది, ఆ తర్వాత మసాలాలవి.

డుపాంట్ గురించి నాకు ఇష్టమైన సంగతి ఒకటి. 1920లో ఆల్ఫ్రెడ్ డుపాంట్ ఆ పొలం బ్రూవరీని కొన్నది కొడుకు లూయీ కోసం, ఆ అబ్బాయి కెనడా వెళ్లి వ్యవసాయం చేస్తానంటుంటే ఆపడానికి. ఊరు వదిలి వచ్చిన నాలాంటివాళ్లకు ఆ తండ్రి మనసు బాగా తెలుస్తుంది.

"ఇంట్లో చేశాను, 1.030 దగ్గర ఆగిపోయింది"

ముందొక మాట. అమెరికాలో సొంతానికి బీరు చేసుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం 1979 నుంచి తప్పు కాదు, పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు. ఆంధ్రలో, తెలంగాణలో లైసెన్సు లేకుండా చేయకూడదు, కాబట్టి ఈ భాగం బయట ఉన్నవాళ్లకే.

డుపాంట్ నుంచి వచ్చిందని చెప్పే ఈస్ట్‌కు ఇది పేరుమోసిన జబ్బు. మొదటి నాలుగైదు రోజులు జోరుగా పులిసి, సగం దారిలో కూర్చుండిపోతుంది. చచ్చిపోలేదు, చలేసింది. లాగర్‌కు 10 డిగ్రీలు, మామూలు ఏల్‌కు (కాస్త వెచ్చగా పులియబెట్టే రకానికి) 20 డిగ్రీలు అని నేర్చుకున్న మనం దీన్నీ అక్కడే ఉంచుతాం, దీనికేమో 30 దాటినా హాయి. 22 దగ్గర మొదలుపెట్టి, రెండో రోజునుంచి మెల్లగా 30, 32 దాకా పెరగనివ్వండి. ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి పోనిచ్చి, గాలిని లోపలికి రానివ్వని బిరడా) తీసేసి మూతి మీద ఫాయిల్ వదులుగా కప్పి చూడండి, ఆ కొద్ది ఒత్తిడి కూడా ఈ ఈస్ట్‌కు పడదని అనుభవమున్నవాళ్లు చాలామంది చెబుతారు, నాకూ అలా చేశాకే కదిలింది. రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. అప్పటికీ దిగకపోతే ఇంత పేచీ పెట్టని ఫ్రెంచి సేజోన్ ఈస్ట్ కొంచెం కలపండి, మిగతాది అది తినేస్తుంది.

తొందరపడి సీసాలకు పోయడం మాత్రం అస్సలు చేయకండి. నేను ఒకసారి 1.012 దగ్గర ఆగిందిలే అని పోసేశాను. మూడు వారాలకు గరాజ్‌లో రాత్రి రెండింటికి సీసా పేలింది, గాజుముక్కలు పిల్లల సైకిళ్ల దాకా ఎగిరాయి. పగలైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. లెక్క ఇలా ఉంటుంది: సీసాలో గ్రావిటీ ఒక్క పాయింటు (0.001) దిగితే దాదాపు సగం వాల్యూమ్ గ్యాస్ (అంటే బీరు పరిమాణంలో సగం) పుడుతుంది, మామూలు సీసా తట్టుకునేది మూడు వాల్యూములే. ఆరు పాయింట్లు మిగిలాయంటే మీరు వేసే చక్కెర కాక ఇంకో మూడు. కాబట్టి 1.006 కంటే కిందికి దిగి, వెచ్చగా ఉంచినా కనీసం వారం రోజులు కదలకుండా ఉంటేనే పోయండి. చక్కెర లీటరుకు 8 గ్రాములు మించకండి, సీసాలు మందపాటివి తీసుకోండి, మూతబెట్టిన పెట్టెలో ఉంచండి. రెండు వారాలైనా గ్యాస్ రాకపోతే కారణం మళ్లీ చలే, పెట్టెను ఇంట్లో వెచ్చని చోటికి మార్చండి.

మా గరాజ్‌లో ఇప్పుడున్న బ్యాచ్ 1.004 దగ్గర ఐదు రోజులుగా కదల్లేదు. ఇంకో రెండు రోజులు చూసి శనివారం సీసాలకు పోస్తాను. బావ దసరాకి మళ్లీ వస్తున్నాడు, ఈసారి పావుగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి, పక్కన పెసరట్టు పెట్టి ఇస్తాను.