మంచి ఉద్యోగి మానేయకముందే మీ దిద్దుబాట్లు లెక్కపెట్టుకోండి

నా టీమ్‌లో తొమ్మిది మంది. పద్నాలుగు నెలల్లో ముగ్గురు మానేశారు. పని అప్పజెబితే మళ్లీ చూసుకోనక్కర్లేని ముగ్గురూ వాళ్లే. మొదటి ఇద్దరి విషయంలో "బయట జీతాలెక్కువ, ఏం చేస్తాం" అని సర్దిచెప్పుకున్నాను. మూడో అమ్మాయి వెళ్లే వారం, అప్పగింతల కోసం తను చేసిన ఒక రిపోర్టు తెరిచాను. పాత వెర్షన్లు కూడా ఉంటాయి కదా, ఎందుకో అవీ చూశాను. తను రాసింది ఆరు పేజీలు. నేను చేసిన మార్పులు నలభై ఒకటి. "కాబట్టి" అన్నచోట "అందువల్ల" అని పెట్టాను. టేబుల్‌లో వరుసలు అటూ ఇటూ జరిపాను. నిజంగా తప్పు ఉన్నది రెండు చోట్లే.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ఆర్నెల్ల ముందు ఏదో పని గురించి "ఎలా చేద్దామనుకుంటున్నావ్?" అని అడిగితే, "మీరెలా చెబితే అలా మేడమ్, ఎలాగూ మారుస్తారుగా" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వేశాను. ఆ రోజు నాకు అర్థమై ఉంటే బాగుండేది.

కాబట్టి మొదట చేయాల్సింది ఇదే. మీ దగ్గర బాగా పనిచేసే మనిషి పోయిన నెలలో ఇచ్చిన పనులు మూడు తీయండి. మీరు చేసిన ప్రతి మార్పు పక్కనా "తప్పు" అనో "నా అలవాటు" అనో రాయండి. ఎటూ తేలకపోతే, అది అలాగే వెళ్లి ఉంటే ఎవరికైనా నష్టం జరిగేదా అని ఆలోచించండి. జరగదంటే అది అలవాటే. ఇక నుంచి తప్పులు మాత్రమే చెప్పండి, అవి కూడా మీరు దిద్దకుండా వాళ్లచేతే దిద్దించండి. మొదటి నెల చేతులు దురద పెడతాయి. నాకు ఇప్పటికీ పెడతాయి.

రెండోది, పని ఇచ్చేటప్పుడే నిర్ణయం ఎవరిదో చెప్పేయాలి. నేను మూడు మాటలు వాడతాను: "నువ్వే తేల్చు, తర్వాత చెప్పు", "తేల్చే ముందు నాతో ఓసారి మాట్లాడు", "ఇది నేను తేలుస్తాను, నీ అభిప్రాయం కావాలి". మూడో మాట చెప్పడానికి మొహమాటపడొద్దు. నిర్ణయం మన చేతిలో ఉందని ముందే తెలిస్తే ఎవరూ పెద్దగా బాధపడరు. "నీ ఇష్టం" అని చెప్పి తర్వాత వెనక్కి లాక్కుంటేనే మండుతుంది. ఒక అబ్బాయికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పని ఇచ్చాను. మూడు వారాలు కష్టపడి, అన్నీ పోల్చి ఒకటి చెప్పాడు. నేను పది నిమిషాల మీటింగ్‌లో ఇంకోటి ఖాయం చేశాను. ఆ తర్వాత అతను దేనికీ ముందుకు రాలేదు. మొదట మానేసిన ఇద్దరిలో ఒకడు అతనే.

ఇది చదివి అందర్నీ వదిలేయకండి. నేను ఆ పొరపాటూ చేశాను. ఎవరి జోలికీ వెళ్లకుండా కూర్చుంటే, కొత్తగా చేరినవాళ్లు ఎవర్ని అడగాలో తెలీక టెన్షన్ పడ్డారు. 1930ల చివర్లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు పదేళ్ల పిల్లల క్లబ్బుల్లో ఒక ప్రయోగం చేశారు. అన్నీ తనే శాసించే నాయకుడు గదిలో ఉన్నంతసేపూ పని సాగింది, బయటికి వెళ్లగానే కుంటుపడింది. పిల్లలతో కలిసి నిర్ణయించే నాయకుడు లేనప్పుడు కూడా పని దాదాపు అలాగే నడిచింది. ఏమీ పట్టించుకోకుండా వదిలేసిన చోట పని అంతంతమాత్రమే. వాళ్లు పిల్లలే, మనది ఆఫీసే. అయినా నేను సెలవు పెట్టిన రోజుల్లో మా టీమ్ ఎలా ఉండేదో తల్చుకుంటే ఆ మొదటి గది గుర్తొస్తుంది. కొత్తవాళ్లకు దగ్గరుండి చూపించాలి, చేయి తిరిగినవాళ్లకు దారి వదలాలి. ఒకే టీమ్‌లో ఇద్దరితో రెండు రకాలుగా ఉండటం పక్షపాతం కాదు.

రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో అరగంట కూర్చోండి. పని ఎంతవరకు వచ్చిందని అడగకండి, దానికి వేరే మీటింగులున్నాయి. "ఈ మధ్య ఏ పని చేస్తుంటే టైమ్ తెలియలేదు? ఏ పని రేపటికి తోసేస్తున్నావ్?" అని అడిగి ఊరుకోండి. మొదటి రెండు మూడుసార్లు "అంతా బానే ఉంది మేడమ్" అనే వస్తుంది. ఏదో ఒక చిన్న ఇబ్బంది బయటపెట్టిన రోజున దాన్ని వారంలోపు తీర్చండి. మాకు అది ఎవరికీ పనికిరాని ఒక శుక్రవారం రిపోర్టు. అది ఆపేశాక గానీ అసలు మాటలు రాలేదు.

ఆ మాటల్లోనే ఇంకోటి బయటపడింది. దున్నే ఎద్దునే పొడుస్తారంటారు కదా, అర్జెంట్ పనులన్నీ నేను ఒకరిద్దరికే ఇస్తున్నాను. వాళ్లు కాదనరు, బాగా చేస్తారు, నాకు నిద్ర పడుతుంది. ఇప్పుడు అర్జెంట్ పని ఎవరికిచ్చానో ఒక కాగితం మీద రాసుకుంటాను. ఒకే పేరు వరుసగా రెండుసార్లు వస్తే మూడోది ఇంకొకరికి. కాస్త ఆలస్యమైతే పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకునేది నేనే.

జీతం సంగతి దాటేయను. తక్కువ ఇస్తూ మంచిగా మాట్లాడితే ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. పెంచే అధికారం మీకు లేకపోతే, ఎవరితో మాట్లాడారో, వాళ్లేమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. రాజీనామా చేతికొచ్చాక హడావిడిగా పెంచడం మీద నాకు నమ్మకం లేదు. అంత డబ్బు అప్పటిదాకా ఎక్కడుందని వాళ్లు అనుకుంటారు, న్యాయమే.

పోయిన వారం ఒకతను క్లయింటుకు పంపాల్సిన రిపోర్టు చూపించాడు. అంకెలు సరిగ్గా ఉన్నాయి. హెడ్డింగ్ మాత్రం నాకు నచ్చలేదు. "పంపేయ్" అన్నాను. ఆ హెడ్డింగ్ నాకు ఇప్పటికీ నచ్చలేదు.