ప్రాంప్ట్ రాయడం, 4వ పాఠం: ఒక కొస కట్టి, రెండోది వదలండి

ప్రాంప్ట్ అంటే ఇక్కడ, కథ రాయమని ఎవరికైనా ఇచ్చే చిన్న సూచన. పోయిన పాఠంలో "ప్రాంప్ట్ వివరంగా ఉండాలి" అన్నాను. ఎంతవరకో చెప్పలేదు, ఆ పొరపాటు నాదే. మీరు పంపినవాటిలో ఒకటి చూడండి: "భర్త పోయిన ఒక టీచర్ పాత ఇంటికి వెళ్తుంది. బీరువాలో ఆయన ఉత్తరం చదివి, ఏడ్చి, ఆయన్ని క్షమిస్తుంది." కథ మీరే చెప్పేశారు. రాసేవాళ్లకి ఇక సాగదీయడమే మిగిలింది.

దాన్నే నేనైతే ఇలా ఇస్తాను: "బీరువాలో అతికించిన కవరు దొరికింది. మీద చేతిరాత ఆవిడకి తెలుసు." కవరు ఎవరిదో, విప్పుతుందో లేదో రాసేవాళ్ల ఇష్టం.

మొదలు బిగించి ముగింపు వదలడం నా పద్ధతి. తిరగేసినా పనిచేస్తుంది. అవధానంలో సమస్య ఇచ్చేవారు సాధారణంగా పద్యం చివరి పాదం ఇస్తారు, అక్కడిదాకా ఎలా రావాలన్నది అవధాని చూసుకుంటారు. రెండు కొసలూ కట్టేస్తేనే ఊపిరాడదు. "వర్షం గురించి రాయండి" అన్నప్పుడు రెండూ వదులే. దాని గురించి మళ్లీ చెప్పక్కర్లేదు.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. భావాన్ని ముందే వడ్డించడం. "గుండె బరువెక్కేలా రాయండి" అంటే మొదటి వాక్యంలోనే కన్నీళ్లు వచ్చేస్తాయి. "పాపం ఆ ముసలాయన" అంటే జాలి తప్ప ఇంకోటి పుట్టదు, ఆయన మోసగాడు కావచ్చన్న ఊహే రాదు. "చివరిసారిగా తలుపు వేసింది" అంటే వీడ్కోలు ఖాయమైపోయింది. "ఎట్టకేలకు ఉత్తరం వచ్చింది" చూడండి. "ఎట్టకేలకు" అనగానే ఎదురుచూపు మీరే రాసేశారు. తీసేస్తే "ఉత్తరం వచ్చింది". ఇప్పుడది భయపడుతున్న ఉత్తరం కావచ్చు, పక్కింటివాళ్లది కావచ్చు, పదేళ్లు ఆలస్యమైంది కావచ్చు. ఒక్క మాటకి ఇంత తేడా. ప్రాంప్ట్ రాశాక ఇలాంటి మాటల కోసమే ఇంకోసారి చదవండి.

కొత్తగా రాసేవాళ్లకి కాస్త బిగువుగానే ఇవ్వండి. మనిషి, వస్తువు, చోటు ఉంటే టెన్షన్ తగ్గుతుంది. నేను మాత్రం ఎవరికైనా రెండు వాక్యాలు దాటను.

అభ్యాసం: రెండు వాక్యాల ప్రాంప్ట్ ఒకటి రాసి, దానికి మీరే మూడు కథలు రాయండి, ఒక్కోటి 150 మాటల్లో, మూడు వేర్వేరు ముగింపులతో. పది నిమిషాలైనా మొదటి వాక్యం పడకపోతే ప్రాంప్ట్ వదులైంది. మూడో ముగింపు దొరక్కపోతే బిగుసుకుంది. అప్పుడు ప్రాంప్టులో ఒక్క మాట మార్చి, ఇంకో కథ రాయండి. రాసినవన్నీ పంపండి, మాట మార్చి ఉంటే దాని కింద గీత గీసి.