తిరగబడ్డ ఊరి గురించి రాయాలంటే ముందు ఏం చూడాలి

చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్-1కి చదివే పిల్లలకు రైతు తిరుగుబాట్లంటే టెన్షన్. తేదీలు బట్టీ పట్టి, తుపాకులతో జవాబు మొదలుపెడతారు. అలా వద్దు. ఊరు ముందుగా ఏ పని మానేసిందో వెతకండి.

గురియానే తీసుకోండి. రష్యా సామ్రాజ్యం అంచున, ఒట్టోమన్ సరిహద్దుకు దగ్గరగా, జార్జియాలో చిన్న ప్రాంతం. 1902లో అక్కడి రైతులు భూస్వాముల పొలాల్లో పని మానేశారు. తర్వాత సర్కారు కోర్టు గడప తొక్కడం మానేశారు. తగాదా ఏదైనా ఊరి సభలోనే తేలేది. అక్కడ పెద్ద శిక్ష వెలి: ఆ మనిషితో ఎవరూ మాట్లాడరు, వాళ్లింటికి పనికి పోరు. 1905 నాటికి గురియాలో రష్యా చక్రవర్తి జార్ మాట చెల్లలేదు.

రెండోది, బయటి నుంచి ఎవరొచ్చారో చూడండి. 1902 మార్చిలో గురియాకు దగ్గరి రేవు పట్నం బటూమిలో సమ్మె, కాల్పులు జరిగాయి. సర్కారు వందలాది కార్మికులను సొంతూళ్లకు తరిమేసింది. సంఘం కట్టడం తెలిసినవాళ్లను తనే ఊరూరికీ పంపినట్టయింది! పైగా రైతులను కలుపుకోవాలా వద్దా అని సోషలిస్టు నాయకులే మొదట తటపటాయించారు. కాబట్టి 'నాయకులు రైతులను చైతన్యపరిచారు' అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. నాకు ఒళ్లు మండే వాక్యం అది.

ఇప్పుడు ఇదే ప్రశ్నతో నిజాం కాలపు తెలంగాణ రైతాంగ పోరాటానికి, మన జనగామ వైపు రండి. ఇక్కడ మానేసింది వెట్టి. పాలకుర్తిలో ఐలమ్మ పంట మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులను పంపితే, సంఘం (ఆంధ్ర మహాసభ) వాళ్లు అడ్డం నిలబడి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది 1947 సెప్టెంబర్ 11న. ఈ వరుస తప్పితే జవాబంతా తప్పుతుంది.

అయితే రెండింటినీ ఒకే గాటన కట్టకండి. గురియాలో చదువొచ్చినవాళ్లు ఎక్కువ, పేపరు చదివి వినిపించేవాళ్లు. మన దగ్గర ఆ పని బుర్రకథ, గొల్లసుద్దులు చేశాయి.

సైన్యం దిగాక ఊరంతా ఒకేలా ఉండదు. 1906 జనవరిలో జార్ జనరల్ అలిఖానోవ్ సేనలు గురియాలో ఇళ్లు తగలబెట్టాయి. ఇక్కడ 1948 సెప్టెంబర్‌లో భారత యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం వైపు సాయుధ దళమైన రజాకార్ల పీడ పోయిందని ఊపిరి పీల్చుకున్నవాళ్లున్నారు, పంచుకున్న భూమి పోతుందని అడవి పట్టినవాళ్లున్నారు. వాళ్లిద్దరికీ విడివిడిగా పేరా రాయండి. మీ ఊళ్లో పెద్దవాళ్లుంటే దసరా సెలవుల్లో కూర్చోబెట్టి అడగండి: దొర గడికి వెట్టికి పోవడం మనింట్లో ముందు ఎవరు మానేశారు, మర్నాడు ఏమైంది?