గుండెపోటు స్టెంట్ చేతి నుంచా, తొడ నుంచా? పేషెంటు తాలూకు మనుషుల కోసం

క్యాథ్ ల్యాబ్ (గుండె నాళాల్లోకి గొట్టం పంపి చికిత్స చేసే గది) తలుపు దగ్గర నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: "సిస్టర్, చేతి నుంచి చేస్తారా, తొడ నుంచి చేస్తారా?" ఆ వెనకే ఇంకొకరు, "చేతి నుంచే చేయించండి, మా బావకి అలాగే చేశారు, మర్నాడే నడిచాడు" అంటారు. ఎమర్జెన్సీలో దారి ఎంచేది డాక్టరు. అయితే ఆయనకి కావలసిన సమాచారంలో చాలా భాగం మీ దగ్గరే ఉంటుంది. అది గబగబా ఎలా అందించాలో, తర్వాత ఆ చెయ్యినో కాలినో ఎలా చూసుకోవాలో గుంటూరు వైపు పనిచేసే నర్సుగా రాస్తున్నాను.

స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, వేయాలంటే మూసుకుపోయిన గుండె రక్తనాళం దాకా సన్నని గొట్టం వెళ్ళాలి. మణికట్టు ధమని రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది, కానీ చర్మం కిందే, ఎముక మీదే ఉంటుంది కాబట్టి వేలితో నొక్కితే రక్తం ఆగుతుంది. తొడ దారి గజ్జ దగ్గర మొదలవుతుంది, అక్కడి ధమని లావు, లోతు. గుండెపోటు పేషెంటుకి ఆస్పిరిన్, టికాగ్రెలార్ లాంటి మాత్రలు, హెపారిన్ పడతాయి. రక్తం పలుచనై ఉన్నప్పుడు లోతులో కారితే ఆపడం కష్టం. 2011లో వచ్చిన రైవల్ అధ్యయనంలో గొట్టం పెట్టిన చోట పెద్ద రక్తనాళ సమస్యలు తొడ నుంచి చేసినవాళ్ళలో 3.7 శాతం, చేతి నుంచి చేసినవాళ్ళలో 1.4 శాతం. 2015 నాటి మ్యాట్రిక్స్ అధ్యయనంలో 8,404 మందిని చూస్తే 30 రోజుల్లో మరణాలు కూడా చేతి దారిలో కొంచెం తక్కువే: 1.6 శాతం, తొడకి 2.2. నా ఓటూ చేతికే. కానీ 2020లో కెనడా నుంచి వచ్చిన సఫారీ అధ్యయనంలో, పెద్ద గుండెపోటు వచ్చినవాళ్ళలోనే చూస్తే, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తొడ నుంచి చెయ్యడంలో చేయి తిరిగిన డాక్టరు అలా చేస్తానంటే దాన్ని పాత పద్ధతి అని తీసిపారేయకండి.

బయల్దేరేటప్పుడే మొదలుపెట్టండి. 108లో వస్తుంటే సెలైన్ సూది ఎడమ చేతికి పెట్టమని అడగండి. చాలాచోట్ల ముందు చూసేది కుడి మణికట్టునే. గాజులు, ఉంగరాలు, గుడి దారాలు, మొలతాడు దారిలోనే తీసేయండి. గాజు దిగకపోతే సబ్బు నీళ్ళు రాయండి, అప్పటికీ రాకపోతే మేం కోస్తాం. బంగారం పోతుందని అక్కడ వాదన పెట్టుకోవద్దు. లోపలికి వచ్చిన దగ్గర్నుంచి 90 నిమిషాల్లోపు నాళం తెరవాలన్నది లెక్క. సంతకానికి పెద్దబ్బాయి హైదరాబాద్ నుంచి రావాలంటే ఆ లెక్క అక్కడే తప్పుతుంది.

ఇక చెప్పాల్సినవి. ముందు చూపించిన ఆసుపత్రిలో గడ్డ కరిగించే ఇంజెక్షన్, అంటే టెనెక్టెప్లేస్ లాంటిది ఇచ్చారా, ఎన్ని గంటలకి ఇచ్చారు? ఆ చీటీ జేబులో పెట్టుకుని మరిచిపోతుంటారు. డయాలసిస్ కోసం చేతిలో నాళాలు కలిపిన ఫిస్టులా ఉందా? ఉంటే ఆ చేతిని ముట్టుకోం. బైపాస్ అయిందా? అయితే ముంజేతి మీద పొడుగాటి కుట్ల మచ్చ ఉందేమో చూడండి. అక్కడి ధమనిని తీసి గుండెకి వేసి ఉంటే ఆ మణికట్టులో దారే ఉండదు. పాత స్టెంట్ ఏ చేతి నుంచి వేశారు? గుండె కవాటం మార్చినందుకు అసిట్రోం (రక్తం పలుచన చేసే మాత్ర) వాడుతున్నారా? నడిస్తే పిక్కలు పట్టేస్తాయా? అలా పట్టేస్తుంటే కాళ్ళ ధమనుల్లో పూడికలు ఉండొచ్చు. ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: వయాగ్రా జాతి మాత్ర. మణికట్టు ధమని బిగుసుకోకుండా నైట్రోగ్లిజరిన్ లాంటి మందు ఇస్తారు. రెండూ కలిస్తే బీపీ దారుణంగా పడిపోతుంది. అందరి ముందు చెప్పలేకపోతే నన్ను పక్కకి పిలిచి చెప్పండి, సిగ్గుపడే సమయం కాదు.

చేతి నుంచే అనుకున్నా గజ్జ కూడా శుభ్రం చేసి ఉంచుతాం. ధమని బిగుసుకున్నా, వంకరలు తిరిగి ఉన్నా తొడకి మారతారు. దాన్ని ఫెయిలైనట్టు లెక్కేయకండి. బీపీ పడిపోయి మణికట్టు నాడి అందకపోయినా, గుండెకి సాయంగా బెలూన్ పంపు పెట్టాల్సి వచ్చినా తొడే దిక్కు.

చేతి నుంచి చేస్తే గాలి నింపిన పారదర్శక బ్యాండ్ కడతాం. రెండు గంటలు దాటాక కొంచెం కొంచెంగా గాలి తీస్తాం. "పాపం నొప్పి" అని మీరు వదులు చేయకండి. వేళ్ళు కాస్త తిమ్మిరెక్కడం మామూలే. చల్లబడి తెల్లబోయినా, ముంజేయి ఉబ్బి గట్టిపడినా వెంటనే పిలవండి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వద్దు, ఆ చెయ్యి పట్టుకుని మంచం మీంచి లేపొద్దు. ఇంటికెళ్ళాక కొద్దిరోజులు నీళ్ళ బకెట్టు, గ్యాస్ బండ ఎత్తకూడదు. రక్తం కారితే గుడ్డ చుట్టి ఊరుకోకుండా రంధ్రం మీద వేలితో గట్టిగా అదిమి పట్టండి. పది నిమిషాలకీ ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.

తొడ నుంచి చేస్తే కాపలా ఇంకా ఎక్కువ. షీత్ (నాళంలో పెట్టిన పొట్టి గొట్టం) తీశాక పదిహేను ఇరవై నిమిషాలు మేం నొక్కి పడతాం. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు కాలు చాచే ఉంచాలి. పేషెంటు లేచి కూర్చుంటానంటారు, బాత్రూమ్‌కి వెళ్తానంటారు. బెడ్‌పాన్ అంటే ముఖం మాడ్చుకుంటారు. ఇక్కడ మాత్రం కోడలో కూతురో గట్టిగా ఉండాలి. దగ్గు, తుమ్ము వస్తే కట్టు మీద అరచేత్తో అదమాలి. నేను అన్నిటికంటే భయపడేది నడుము నొప్పికి. నడుములోనో పక్కలోనో నొప్పి, చెమట, కళ్ళు తిరగడం ఉంటే లోపల, పొట్ట వెనక రక్తం కారుతూ ఉండొచ్చు, పైన కట్టు పొడిగానే ఉంటుంది. దాన్ని గ్యాస్ అనుకుని ఈనో కలిపి ఇస్తారు! అలా చేయకండి, బెల్ కొట్టండి. గజ్జలో గట్టి గడ్డ పెరుగుతున్నా, నాడిలా కొట్టుకుంటున్నా స్కాన్ కావాలి. తొడ మీద నీలంగా కమిలి, కొన్నాళ్ళకి పసుపు తిరగడం సాధారణం. ఇంటి దగ్గర వారం పాటు గొంతుక్కూర్చోవద్దు, ఇండియన్ టాయిలెట్ వద్దు.

కమిలిందని భయపడి రక్తం పలుచన చేసే మాత్రలు మీ అంతట మీరు ఆపితే కొత్త స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చు. ఆ విషయం డాక్టరుతోనే మాట్లాడాలి.

డిశ్చార్జి కాగితంలో ఏ వైపు, ఏ ధమని నుంచి చేశారో రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే రాయించుకుని ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇద్దరికి వాట్సాప్ చేయండి. ఇంకోసారి క్యాథ్ ల్యాబ్‌కి వస్తే మేం అడిగే ప్రశ్నల్లో అదొకటి.