జంట ఇంగ్లీషు మాటల్లో ముందు తోక చూడండి

హౌస్‌బోట్, బోట్‌హౌస్. ఈ రెండింటితో నేను చాలాకాలం తికమకపడ్డాను. తర్వాత తెలిసిన కిటుకు ఏంటంటే, అసలు వస్తువేదో చెప్పేది చివరి మాట. ముందున్నది దాని రకం చెబుతుంది, అంతే. హౌస్‌బోట్ అంటే పడవ, కాకపోతే అందులో కాపురం ఉండొచ్చు. బోట్‌హౌస్ అంటే పడవలు పెట్టుకునే షెడ్డు. అలాగే రేస్‌హార్స్ గుర్రం, హార్స్‌రేస్ పందెం. మన పాలగిన్నె, గిన్నెపాలు లాంటిదే ఇదీ. తత్పురుష సమాసం చదువుకున్నవాళ్లకి వెంటనే వెలుగుతుంది.

బహువచనం కూడా సాధారణంగా ఆ అసలు మాటకే తగులుతుంది. అందుకే ‘మదర్ ఇన్ లా’కి బహువచనం ‘మదర్స్ ఇన్ లా’. ఇక్కడ అసలు మాట ముందుకొచ్చింది, చూసుకోండి.

పలికేటప్పుడు ఇంకో తేడా. ‘గ్రీన్’ మీద ఒత్తి గ్రీన్‌హౌస్ అంటే మొక్కలు పెంచే గాజు ఇల్లు. ‘హౌస్’ మీద కూడా ఒత్తు పడితే మామూలు ఆకుపచ్చ రంగు ఇల్లు.

పిక్‌పాకెట్ మాత్రం ఈ లెక్కకు లొంగదు. అది జేబు కాదు, జేబుదొంగ! ఇలాంటివి ఎదురైనప్పుడు డిక్షనరీ తీయాల్సిందే.