భయం మీద బైబిల్ స్టడీ పెట్టేవాళ్లకు

మాది గుంటూరు దగ్గర ఒక ఊరు, లూథరన్ సంఘం. స్త్రీల సమాజంలో పదిహేను ఇరవై మందిమి ఉంటాం. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఈ నాలుగు వారాల స్టడీని ఇప్పటికి మూడుసార్లు నడిపాను. పక్క సంఘాలవాళ్లు ఎలా చేయాలని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఇది ఎందుకు మొదలైందో ముందు చెప్పాలి. ఒక బుధవారం ప్రార్థన అయ్యాక, ఎక్కడో చర్చి మీద దాడి జరిగిందని ఒకావిడ వాట్సాప్ మెసేజ్ చదివింది. అందరికీ టెన్షన్. నేనే అన్నాను: "మనకూ ఒక గట్టి మనిషి కావాలమ్మా. కోర్టులని, చట్టాలని ఆగకుండా వాళ్లని అణిచిపెట్టేవాడు." చుట్టూ ఉన్నవాళ్లు ఆమెన్ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రభువు పేరు చెప్పుకొని కూర్చున్న చోట దేనికి ఆమెన్ పలికించాను?

మొదటి వారం బైబిల్ తెరవకండి. చీటీలు పంచండి. అన్నీ ఒకే నోట్‌బుక్కులోంచి చింపినవై ఉండాలి, పెన్సిళ్లూ ఒకేలా ఉండాలి. చిన్న ఊళ్లో కాగితం చూసి మనిషిని కనిపెట్టేస్తారు. రాయడం రానివాళ్లు తమకు నమ్మకమైన మనిషి చెవిలో చెప్పి రాయించుకోవచ్చు. "నాకు ఫలానాది అంటే భయం" అని మాత్రమే రాయాలి. "వాళ్లు" అనే మాట రాయకూడదు. ఆ మాట వచ్చిందంటే భయం పక్కకుపోయి కోపం వచ్చి కూర్చుంటుంది. అయ్యగారిని, అంటే పాస్టర్‌గారిని, ఆ ఒక్క వారం రావద్దని మర్యాదగా అడగండి. ఆయన ఎదురుగా అందరూ విశ్వాసవీరుల్లాగే రాస్తారు.

చీటీలన్నీ ఒక డబ్బాలో వేయించండి. మా డబ్బాలో ఏమొచ్చాయో రెండు చెబుతాను. "సర్టిఫికెట్ పోతుందేమో, మా పాప సీటు ఏమవుతుందో." 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, ఆ ఇంటి భయం అక్కడిది. రెండోది నాలుగుసార్లు మడిచిన చీటీ, అక్షరాలు పెద్దవి, వంకర. "నేను చచ్చిపోతే నన్ను ఎక్కడ పెడతారు." మా సమాధుల దొడ్డి నిండిపోయింది. అది చదివాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మీ దగ్గరా అలాగే ఉంటే ఉండనివ్వండి. "విశ్వాసం ఉంటే భయం ఉండదమ్మా" అని వెంటనే అందుకోకండి. అలా అంటే భయం పోదు, చెప్పుకోవడం మానేస్తారు. చెప్పుకోని భయాన్నే బయటివాడు వచ్చి వాడుకుంటాడు.

రెండో వారం మొదటి సమూయేలు 8వ అధ్యాయం. ఇశ్రాయేలు పెద్దలు రాజు కావాలని అడగడానికి చూపిన కారణం అబద్ధం కాదు: సమూయేలు ప్రవక్త ముసలివాడయ్యాడు, కొడుకులు లంచాలు తింటున్నారు. దాన్ని కొట్టిపారేయకండి. బోర్డు మీద గీత గీసి, రాజు తీసుకునేవి ఒక పక్క, ప్రజలకు ఇచ్చేవి ఒక పక్క రాయించండి. కొడుకులు, కూతుళ్లు, మంచి పొలాలు, పంటలో పదో వంతు, గాడిదలు, ఒక పక్క నిండిపోతుంది. ప్రజల దగ్గర తీసుకున్నది తన సేవకులకు ఇస్తాడని ఉంది గాని, ప్రజలకు ఇచ్చేది ఏదీ సమూయేలు చెప్పలేదు. ఆ తర్వాత 12వ అధ్యాయం 12వ వచనం చదివించండి. అమ్మోనీయుల రాజు నాహాషు తమ మీదికి రావడం చూసి రాజును అడిగారని అక్కడ బయటపడుతుంది. పైకి చెప్పింది న్యాయం, లోపల ఉన్నది భయం. మొదటిసారి అది చదివినప్పుడు నా మాటే నాకు వినబడింది.

మూడో వారానికి ఎక్కువ టైం పెట్టుకోండి, రెండు గంటలైనా కావాలి. జర్మనీ కథ చెప్పాలి. 1842లో మిషనరీ హేయర్ దొరగారు గుంటూరు తెచ్చిన లూథర్ బోధే వాళ్లదీ, మనం చదివిన కాటెకిజమే (ప్రశ్నలూ జవాబులుగా ఉండే బోధ పుస్తకమే) వాళ్లూ చదివారు. కాబట్టి పరాయివాళ్ల కథలా చెప్పకండి. వాళ్ల భయాలతో మొదలుపెట్టండి: ఓడిపోయిన యుద్ధం, 1932లో అరవై లక్షల దాకా నిరుద్యోగులు, రష్యాలో మూతబడుతున్న చర్చిలు. అవన్నీ నిజాలే. 1933 మార్చిలో హిట్లర్ పార్లమెంటులో నిలబడి చర్చిల హక్కులకు భంగం రానివ్వనని మాటిచ్చాడు. జూలైలో చర్చి ఎన్నికలు జరిగితే అతని వైపున్న 'జర్మన్ క్రైస్తవులు' మూడింట రెండొంతుల ఓట్లు గెలిచారు. ఎవరూ కత్తి పట్టి వేయించుకున్న ఓట్లు కావవి. సెప్టెంబరుకల్లా ప్రష్యా (జర్మనీలో పెద్ద రాష్ట్రం) చర్చి, యూదు వంశంలో పుట్టిన పాస్టర్లకు పదవి ఉండకూడదని తీర్మానించింది. నవంబరులో బెర్లిన్ సభలో ఒక నాయకుడు పాత నిబంధననే తీసేయాలన్నాడు.

ఇక్కడ ఆగి, "ఆ తీర్మానం మన సంఘంలో వస్తే మొదట ఎవరు లేచి వెళ్లాలి?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి, యేసు పుట్టింది ఏ వంశంలోనో వాళ్లకే గుర్తు రావాలి.

తర్వాత నీమొల్లర్ గురించి చెప్పండి. ఆ పాస్టర్‌గారు మొదట నాజీలకే ఓటు వేశాడు. తర్వాత ఎదురు తిరిగాడు, 1937లో అరెస్టయ్యాడు, 1945 దాకా జైల్లో, క్యాంపుల్లో ఉన్నాడు. మారడానికి దారి ఉందని మనవాళ్లకు తెలియాలి. 1934 మే నెలాఖరులో జర్మనీలోని బార్మెన్‌లో, 'జర్మన్ క్రైస్తవుల'ను ఎదిరించిన సంఘాల నుంచి 139 మంది ప్రతినిధులు చేరి, సంఘం వినవలసింది క్రీస్తు మాట ఒక్కటేనని ప్రకటించారు. అందులో యూదుల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ప్రకటన రాసినవాళ్లలో ముఖ్యుడైన కార్ల్ బార్ట్ తర్వాత దాన్ని తన తప్పుగానే ఒప్పుకున్నాడు. ఈ సంగతి దాచకండి. తమవాళ్ల హక్కు కోసం మాత్రమే నోరు తెరిస్తే ఎంత మిగిలిపోతుందో అక్కడ కనిపిస్తుంది.

ఎవరో ఒకరు రోమా పత్రిక 13వ అధ్యాయం ఎత్తుతారు, అధికారులకు లోబడమని ఉంది కదా అని. మా దగ్గర మూడుసార్లూ వచ్చింది. బార్మెన్‌వాళ్లు ఐదో ప్రకటన పైన పెట్టుకున్న వచనం చూపించండి, మొదటి పేతురు 2:17: "దేవునికి భయపడుడి, రాజును సన్మానించుడి." రాజుకు ఇవ్వమన్నది సన్మానం. భయం అనే మాటను ఆ వచనంలో పేతురు దేవునికే ఉంచాడు. దీన్ని రెండు మూడుసార్లు పైకి చదివించండి, తొందరపడకండి.

నాలుగో వారం మన దేశానికి రండి. 1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు, రైళ్లు టైంకి నడుస్తున్నాయని మెచ్చుకున్నవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. మా నాన్నగారూ మెచ్చుకున్నారు. కేరళలో మార్ తోమా సంఘ మెట్రోపాలిటన్ యూహానోన్ మార్ తోమా మాత్రం దాన్ని ఎత్తేయమని ఇందిరా గాంధీకి ఉత్తరం రాశారు. అది చెప్పి, ఇప్పటి సంగతికి వచ్చేటప్పుడు పార్టీ పేరు ఎత్తనివ్వకండి, ఎవరిదైనా సరే. ఎత్తారంటే స్టడీ అక్కడితో ఆగిపోతుంది. ఒక్కటే అడగండి: మనకు నచ్చిన ఆ నాయకుడి చేతికి ఇప్పుడిచ్చే అధికారం, రేపు మనమంటే పడనివాడి చేతికి పోతే ఒప్పుకుంటామా?

ఆఖరున మళ్లీ చీటీల డబ్బా తెరవండి. ఒక్కో చీటీ తీసి, దీనికి మన చేతుల్లో ఉన్న పని ఏంటి, ఎవరు చేస్తారు అని పేర్లు రాసుకోండి. గట్టి మనిషి వచ్చి చేస్తాడని వదిలేయకండి. కొన్నిటికి పని దొరకదు, వాటికి ప్రార్థన చేయండి. సమాధుల దొడ్డి చీటీకి మేం ముగ్గురం పూనుకున్నాం. స్థలం కోసం అర్జీ రాసి సంతకాలు సేకరించాం. పక్క వీధి రైతు ఒకాయన, మన మతం కాదు, అర్జీ చదివి, "చనిపోయినవాళ్లకు చోటు అడగడంలో తప్పేముందక్కా" అని సంతకం పెట్టారు. సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాం. రసీదు నా బైబిల్లో, మొదటి సమూయేలు దగ్గర ఉంది. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాం.