పైథాన్ పాఠాలు - 9: ఇంపోర్ట్ నిజంగా ఏం చేస్తోంది?

పోయినసారి ఫంక్షన్లను వేరే ఫైల్లో పెట్టి ఇంపోర్ట్ చేసుకున్నాం. పని నడిచింది కదా అని వదిలేశాం. ఇవాళ దాని గుట్టు లాగుదాం. అందుకు ఒక్క ప్రింట్ లైను చాలు.

కొత్త ఫోల్డర్‌లో 'డబ్బా' పేరుతో ఒక పైథాన్ ఫైలు రాయండి. (పైథాన్ 3లో తెలుగు పేర్లూ చెల్లుతాయి. ఇంపోర్ట్, ఫ్రమ్ లాంటి కీవర్డులు, ప్రింట్ లాంటి పైథాన్ సొంత పేర్లు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.) అందులో రెండే లైన్లు: మొదటిది 'మూత తీశాను' అని ప్రింట్ చేస్తుంది, రెండోది బెల్లం ధర, బెల్లం = 60.

అదే ఫోల్డర్‌లో పైథాన్ ప్రాంప్ట్ తెరిచి ఇంపోర్ట్ డబ్బా అనండి. 'మూత తీశాను' అని వస్తుంది. మళ్లీ అదే కొట్టండి. ఉలుకూ పలుకూ ఉండదు.

మొదటిసారి పైథాన్ ఆ ఫైలును పైనుంచి కిందిదాకా నడిపి, తయారైన మాడ్యూల్‌ని (అంటే ఆ ఫైల్లోని పేర్లన్నీ కట్టిన మూటని) సిస్.మాడ్యూల్స్ అనే డిక్షనరీలో దాచుకుంది. రెండోసారి ఆ పేరు అందులో కనబడింది, ఇక ఫైలు జోలికే పోలేదు.

ఇప్పుడు అసలు తమాషా. ప్రాంప్ట్ మూయకుండా ఫ్రమ్ డబ్బా ఇంపోర్ట్ బెల్లం అని కూడా కొట్టండి. తర్వాత ఎడిటర్‌లో 60ని 70 చేసి సేవ్ చేయండి. ఎన్నిసార్లు ఇంపోర్ట్ చేసినా పాత ధరే. పైథాన్‌తోనే వచ్చే ఇంపోర్ట్‌లిబ్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసుకుని, అందులో ఉన్న రీలోడ్ ఫంక్షన్‌కి డబ్బాని ఇవ్వండి. మూత మళ్లీ తెరుచుకుంటుంది. డబ్బా.బెల్లం అడిగితే 70 అంటుంది. వట్టి బెల్లం అడిగితే? 60!

కొట్లో బోర్డు మీద ధర మార్చినా, మీరు చీటీ మీద రాసుకెళ్లింది మారదుగా. ఫ్రమ్‌తో తెచ్చుకున్న పేరు ఆ చీటీ లాంటిదే. మళ్లీ ఫ్రమ్ లైను కొడితేనే కొత్త ధర వస్తుంది.

ఇంకొక్క మాట. కొత్తలో నేను ప్రాక్టీసు ఫైలుకి ఇంగ్లీషులో రాండమ్ అని పేరు పెట్టి (యాదృచ్ఛిక అంకెలిచ్చే పైథాన్ మాడ్యూల్ పేరూ అదే), అందులోని రాండింట్ ఫంక్షన్ లేదన్న ఎర్రర్‌తో ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టాను. స్క్రిప్టు నడిపినప్పుడు పైథాన్ ముందు ఆ స్క్రిప్టున్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అసలు రాండమ్ దాకా పోనే లేదు. 3.13 నుంచి ఎర్రర్ మెసేజే పేరు మార్చి చూడమంటోంది. మాకా భాగ్యం లేదు.

ఈ వారం పని: ఒక ఫైలుకి ఇంగ్లీషు అక్షరాల్లో సిస్ అని పేరు పెట్టి, అందులోనూ ఒక ప్రింట్ లైను రాసి, ఇంపోర్ట్ చేసి చూడండి. రాండమ్‌లాగా ఇది మోసపోదు. ఎందుకో వచ్చే పాఠంలో.